వానకు ఆగిన బేస్‌బాల్: ఆగిన చోట నుంచా, మళ్లీ మొదటి నుంచా? పిల్లల చేతులకు ఏది మేలు?

వసంతకాలంలో డాలస్ చుట్టుపక్కల పిల్లల్ని బేస్‌బాల్‌కి తిప్పే తెలుగు తల్లిదండ్రులకు ఉరుముల సంగతి చెప్పక్కర్లేదు. ఉరుము వినపడితే అందరూ కార్లలోకి పరుగు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో ఇంకోసారి ఉరిమితే ఆ అరగంట మళ్లీ మొదలు. చీకటి పడేదాకా తెరిపివ్వకపోతే ఆనాటికి ఆట అయిపోయినట్టే. ఇక కోచ్‌ల మధ్య వాదన మొదలవుతుంది: ఇంకో రోజు ఆగిన చోట నుంచి ఆడించాలా, మొదటి నుంచా? అందరికీ స్కోరు మీదే ధ్యాస. స్కోర్‌బుక్ పట్టుకుని కూర్చునేదాన్ని కాబట్టి నాకు ఆ రోజు బంతులు విసిరిన పిల్లాడి చెయ్యి ముందు గుర్తొస్తుంది.

మొదటి నుంచి ఆడించడంలో ఒక సుఖం ఉంది. ఎవరు ఏ బేస్ మీద ఉన్నారు, బ్యాటర్ మీద ఎన్ని స్ట్రైకులు అన్న తలనొప్పి ఉండదు. ఆ రోజు వచ్చిన పిల్లలతో ఆడేయొచ్చు. కానీ అన్యాయం ఎంత దూరం పోతుందో జపాన్ హైస్కూల్ పిల్లలు చూశారు. వాళ్ల జాతీయ స్థాయి కోషియెన్ టోర్నీలో ఏడు ఇన్నింగ్స్ పూర్తికాక ముందు వాన పడితే ఆట చెల్లదనే నియమం చాలా ఏళ్లు నడిచింది. 2003లో కొమాదాయ్ తొమకొమాయ్ స్కూలు నాలుగో ఇన్నింగ్స్‌లో 8-0తో ముందుండగా వాన కొట్టింది. ఆ ఎనిమిది పరుగులూ గాలికి పోయాయి. మర్నాడు మళ్లీ ఆడి 2-5తో ఓడిపోయారు. (తర్వాతి ఏడాది అదే స్కూలు కప్పు గెలిచిందనుకోండి.) 2022 నుంచి అక్కడా ఆగిన చోట నుంచే ఆడిస్తున్నారు.

స్కోరులోంచి పరుగుల్ని చెరిపేసినంత తేలిగ్గా, చేతితో విసిరిన బంతుల్ని చెరిపేయలేం. మూడు ఇన్నింగ్స్ అయ్యాక ఆగిందనుకోండి. పిల్లలకు ఆట ఆరు ఇన్నింగ్సే కాబట్టి ఆగిన చోట నుంచైతే మిగిలింది మూడు. మొదటి నుంచైతే మళ్లీ ఆరు. ఆ అదనపు మూడు ఇన్నింగ్స్ బంతులు ఎవరో ఒక పిల్లాడి మోచెయ్యి మీదే పడతాయి.

పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ సంస్థ పద్ధతి నాకు నచ్చేది అందుకే. ఒక్క ఇన్నింగ్స్ కూడా పూర్తికాకపోతే మొదటి నుంచి. ఒకటి దాటి, ఫలితం తేల్చేందుకు కావలసిన నాలుగు కాకపోతే ఆగిన చోట నుంచి. రెండోసారి బ్యాటింగ్ చేసే సొంత మైదానం జట్టు అప్పటికే ముందుంటే మూడున్నర చాలు. 2007 నుంచి ఇన్నింగ్స్ లెక్క పక్కన పెట్టి బంతుల్నే లెక్కపెడుతున్నారు. 11-12 ఏళ్ల పిల్లాడికి రోజుకు 85. విశ్రాంతి సంగతికొస్తే 20 దాకా అక్కర్లేదు, 21 నుంచి 35కి ఒక రోజు, 36-50కి రెండు, 51-65కి మూడు, 66 దాటితే నాలుగు.

అసలు కిటుకు ఇక్కడే. మంగళవారం 35 బంతుల దగ్గర వాన ఆపితే, ఆ పిల్లాడే గురువారం వచ్చి అదే ఆట కొనసాగించొచ్చు. 48 దగ్గర ఆపితే శుక్రవారం దాకా మౌండ్ (బంతి విసిరే దిబ్బ) ఎక్కడానికి వీల్లేదు. కాబట్టి ‘గురువారమా, శుక్రవారమా’ అన్న కోచ్‌ల బేరంలో నిజానికి తేలేది ఎవరి మంచి పిచర్‌కి (బంతి విసిరేవాడికి) విశ్రాంతి తీరుతుందన్నదే. తేదీ లీగే నిర్ణయించాలి, కోచ్‌లకు వదలకూడదు. శుక్రవారం వచ్చాక మళ్లీ 85 దాకా విసరొచ్చు. ఒకే ఆట పేజీలో 48, దాని కింద ఇంకో 70 కనిపిస్తే కొందరు గాభరా పడతారు. మధ్యలో విశ్రాంతి తీరింది కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

నాకు టెన్షన్ పెట్టేది అదే రోజు గంటన్నర ఆగి మళ్లీ మొదలయ్యే ఆట. లెక్క ప్రకారం 40 వేసినవాడికి ఇంకా 45 ఉంటాయి. కానీ చల్లబడిన చెయ్యి అది. పెద్దల లీగుల్లోనే వాన ఎక్కువసేపు ఆపితే మొదలుపెట్టిన పిచర్‌ని సాధారణంగా మళ్లీ ఆటలోకి పంపరు. పన్నెండేళ్లవాడిని ఎందుకు పంపాలి?

జపాన్ హైస్కూళ్లు 2020లో తెచ్చిన హద్దు వేరు: వారానికి 500 బంతులు, రోజుకింత అని లేదు. 2018లో యోషిదా కోసెయ్ అనే కుర్రాడు ఒక్క వేసవి కోషియెన్‌లోనే 881 బంతులు విసిరాక ఈ చర్చ బాగా ముదిరింది. ఏమీ లేనిదానికంటే నయమే. అయితే 1998లో అదే టోర్నీలో మత్సుజాకా అనే కుర్రాడు ఒక్క ఆటలో 17 ఇన్నింగ్స్‌కి 250 బంతులు విసిరిన లాంటి రోజును ఈ వారానికింత అన్న లెక్క ఆపలేదు. చిన్నపిల్లలకు రోజు హద్దే మేలు.

వారాంతపు టోర్నమెంట్లలో మూడో దారి ఎక్కువ: టైం అయిపోతే చివర పూర్తయిన ఇన్నింగ్స్ స్కోరుతో ముగించడం. ఆటవరకు అది హాయే, చేతులకూ భారం తక్కువ. కానీ శనివారం ఆ జట్టుకు, సోమవారం లీగ్ జట్టుకు విసిరే పిల్లాడి లెక్క ఒక పుస్తకంలో ఉన్నది ఇంకో పుస్తకానికి తెలియదు. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ నడిపే మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ సంస్థ కలిసి 2014లో తెచ్చిన పిచ్ స్మార్ట్ అనే సూచనల పట్టిక 9-12 ఏళ్లవాళ్లకు అన్ని జట్లూ కలిపి ఏడాదికి 80 ఇన్నింగ్స్ మించొద్దంటుంది. 2011లో వచ్చిన పదేళ్ల పరిశీలనలో ఏడాదికి 100 ఇన్నింగ్స్ దాటినవాళ్లకు తీవ్రమైన గాయాల ముప్పు మూడున్నర రెట్లు ఉందని తేలింది. ఈ లెక్క ఏ కోచ్ పుస్తకంలోనూ పూర్తిగా ఉండదు. ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి తేదీ, జట్టు, బంతులు మీరే రాసుకోండి. వానకు చెల్లకుండా పోయిన ఆటలో విసిరినవి కూడా అందులో రాయండి.