సాయం పంచడమా, సంఘం కట్టడమా?

1968లో కొలంబియాలోని మెడెలిన్‌లో కాథలిక్ బిషప్పులు సమావేశమైన దగ్గర్నుంచి లాటిన్ అమెరికా చర్చిల ముందున్న ప్రశ్న ఇది: పేదలకు సాయం అందించాలా, పేదరికం పుట్టే చోటే పని మొదలుపెట్టాలా?

ఖర్చు: సాయానికి డబ్బు, సరుకులు, దాచడానికి గది కావాలి. దాత ఆగితే పనీ ఆగుతుంది. మూల సంఘానికి, అంటే పేదలే కూడి బైబిలు చదువుకుంటూ తమ సమస్య మీద పనిచేసే చిన్న గుంపుకి, ఒక ఇల్లు, ఒక బైబిలు, పదీ ఇరవై మంది చాలు.

శ్రమ: సాయం రేపే మొదలుపెట్టొచ్చు. సంఘం కుదురుకోవడానికి నెలలు పడుతుంది. పద్ధతి మూడు మెట్లు: చూడటం, బేరీజు వేయడం, పనిలోకి దిగడం. కౌలు రైతును భూమిలోంచి గెంటేశారనుకోండి. ముందు పట్టా ఎవరి పేరున ఉందో, గెంటించింది ఎవరో ఆరా తీస్తారు. తర్వాత బైబిల్లోని నిర్గమకాండమో, ఆమోసు గ్రంథమో చదివి దాని వెలుగులో తూస్తారు. ఆపైనే వకీలు, అర్జీ. చాలాచోట్ల మొదటి మెట్టు వదిలేసి నేరుగా వాక్యంలోకి వెళ్తారు. ఇక అది మామూలు ప్రార్థన కూటమే. ఫాదరే అంతా మాట్లాడినా అంతే.

ముప్పు: సాయం చేస్తే మెచ్చుకుంటారు. భూమి మాటెత్తితే ప్రాణం మీదికొస్తుంది. ఎల్ సాల్వడోర్‌లో ఆర్చ్‌బిషప్ రొమేరోను 1980లో పూజ చేస్తుండగానే కాల్చి చంపారు. బ్రెజిల్‌లో చిన్న రైతుల పక్షాన నిలిచిన సిస్టర్ డొరొతీ స్టాంగ్‌ను 2005లో. ఇది చాలదన్నట్టు, ఈ బాటకు ఆధారమైన విమోచన వేదాంతంలో మార్క్సిస్టు విశ్లేషణను (సమాజాన్ని వర్గ పోరుగా చూడటాన్ని) విచక్షణ లేకుండా వాడొద్దని 1984లో వాటికన్ హెచ్చరించింది.

వరద, ఆకలి, జబ్బు అయితే సాయమే. అప్పుడు చర్చలు పెట్టకండి. అదే కుటుంబం అదే కారణంతో ఏటా వస్తోందంటే సంఘం. అదీ వాళ్లు సరేనంటేనే, ముందు దెబ్బ పడేది వాళ్లమీదే.