మోకాళ్ల మధ్య దిండు: తుంటి పక్క నొప్పికి ఏళ్ల తరబడి వాడాక

మోకాళ్ల మధ్య పెట్టుకునే దిండు కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. తుంటి పక్క నొప్పయితే తప్పకుండా కొనండి. నడుము నొప్పి ఒక్కటే అయితే ముందు ఇంట్లో ఉన్న దిండుతో ప్రయత్నించండి. నాకు రెండూ ఉన్నాయి, అందుకే తేడా బాగా తెలుస్తోంది.

నడుము కింద మొదలై పిరుదు మీదుగా తొడ పక్కకు లాగే నొప్పి నాది. ఎమ్మారైలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ కాస్త ఉబ్బినట్టు కనిపించగానే అంతా సయాటికా, అంటే నడుము దగ్గర నరం నొక్కుకుని కాల్లోకి లాగే నొప్పి అన్నారు. నిజానికి ఏ నొప్పీ లేని యాభై ఏళ్లవాళ్లలో కూడా నూటికి 60 మందికి స్కాన్‌లో అలాగే కనిపిస్తుంది. ఈ సంగతి చెప్పింది ఫిజియోథెరపిస్టు. ఆవిడ తొడ పక్కన చేతికి తగిలే ఎముక మీద వేలితో నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. తర్వాత ఆ కాలి మీదే 30 సెకన్లు నిలబడమన్నారు. అచ్చం అదే నొప్పి!

పిరుదు కండరాలను ఆ ఎముకకు అతికించే టెండన్లు దెబ్బతింటే ఇలా వస్తుందట. నలభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. సయాటికా అయితే తరచుగా మోకాలు దాటి పాదం దాకా దిగుతుంది, తిమ్మిర్లు ఉంటాయి. తుంటి కీలు అరిగితే గజ్జల్లో నొప్పి, వంగి కాలిగోళ్లు తీసుకోవడం కష్టం. నాకు అవేవీ లేవు. ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం, మెట్లెక్కలేకపోవడం, ఇవే నా బాధలు.

పక్కకు తిరిగి పడుకున్నప్పుడు పైకాలు ముందుకు జారి పరుపు మీద పడుతుంది. దాంతో ఆ టెండన్లు ఎముకకు నొక్కుకుంటాయి. నొప్పి లేని పక్కకు పడుకున్నా రాత్రి మెలకువ వచ్చేది అందుకే. మధ్యలో దిండు ఉంటే తొడ లోపలికి వాలదు. కొద్ది రోజుల్లోనే నాకు నిద్ర పట్టడం మొదలైంది.

మొదట కొన్నది పట్టీ ఉన్న చిన్న ఫోమ్ దిండు. అది మోకాళ్లకే సరిపోతుంది, పాదం కిందికి వేలాడుతుంది. పైగా మే నెల ఉక్కలో చెమట. తర్వాత వాడిన బూరుగు దూది దిండు మెత్తగా ఉన్నా త్వరగా అణిగిపోయింది. ఇప్పుడు మోకాలి నుంచి మడమ దాకా వచ్చేలా గట్టిగా పత్తి దట్టించి కుట్టించుకున్న దిండు వాడుతున్నాను. ఇదే అన్నిటికంటే నయం. నొప్పి ఉన్న పక్కకు ఒత్తిగిలాల్సి వస్తే కింద మందపాటి బొంత కూడా వేసుకుంటాను.

నడుము పొద్దున్నే పట్టేయడం మాత్రం దిండుతో పెద్దగా తగ్గలేదు. దానికి రోజూ నడకే పనిచేసింది.

దిండు నిద్రనిచ్చింది కానీ, పగటి నొప్పిని తగ్గించింది వ్యాయామమే. ఆస్ట్రేలియాలో 204 మందితో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఎలా నిలబడాలో, కూర్చోవాలో నేర్పి వ్యాయామం చేయించినవాళ్లలో 8 వారాలకు నూటికి 77 మంది మెరుగయ్యారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 58 మంది, ఊరికే వేచి చూసినవాళ్లలో 29 మంది. అందుకే ఇంజెక్షన్ అంటే నేను తొందరపడలేదు. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తే వ్యాయామంతో మొదలుపెట్టాను. క్లాసులో ఒంటికాలి మీద బరువు వాల్చి పాఠం చెప్పడం, కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం మానేశాను. కాలును అడ్డంగా లాగి సాగదీసే స్ట్రెచ్‌లు నొప్పిని పెంచాయి, ఫిజియో కూడా వద్దన్నారు.

కాలు బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం దిండూ వ్యాయామమూ అంటూ ఆగకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.