వరి జన్యువు పని తేల్చాలంటే: ఈఎంఎస్ మేలా, క్రిస్పర్ మేలా?

వరి మీద పరిశోధన మొదలుపెట్టే విద్యార్థులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఈఎంఎస్ అంటే డీఎన్‌ఏలో ఎక్కడపడితే అక్కడ మార్పులు తెచ్చే రసాయనం, క్రిస్పర్ అంటే మనం ఎంచుకున్న జన్యువునే కత్తిరించే పద్ధతి. ముందు మీ చేతిలో ఉన్నది జన్యువా, లక్షణమా అన్నది చూసుకోండి.

జన్యువు తెలిసి దాని పని తెలియకపోతే క్రిస్పర్‌కే వెళ్లండి. ఒకేలాంటి జన్యువులు రెండు మూడు ఉండి, ఒకటి పోయినా ఇంకొకటి పని నడిపిస్తుంటే, అన్నింటినీ ఒకేసారి దెబ్బతీయడానికి ఇదే సులువైన దారి. కాకపోతే టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో కణాల నుంచి మొక్కలు పెంచడం) దాటాలి. చాలా ఇండికా రకాల్లో (మన దేశంలో ఎక్కువగా పండించే వరి వర్గం) కాలస్ అనే కణాల ముద్ద నుంచి మొక్కలు రప్పించడం తేలిక కాదు.

అయినా నా మొగ్గు ఈఎంఎస్ వైపే. క్రిస్పర్‌తో మనం ముందే అనుమానించిన జన్యువునే పరీక్షిస్తాం. ఈఎంఎస్‌లో మనకు కావలసిన లక్షణం ఉన్న మొక్కను ఎంచుకుంటే, దానికి కారణం ఏ జన్యువో ఆ మొక్కే చూపిస్తుంది. విత్తనాలను మందులో నానబెడితే చాలు, ఏ రకంలోనైనా చేయొచ్చు. జపాన్‌లో హితొమెబొరె రకంలో ఉప్పును తట్టుకునే మ్యుటెంట్ (జన్యువు మారిన మొక్క) ఇలాగే దొరికింది. అందులో పాడైంది ఓఎస్‌ఆర్‌ఆర్22 జన్యువని 2015లో తేల్చారు. పైగా ఈఎంఎస్ ఎక్కువగా ఒక్కో డీఎన్‌ఏ అక్షరాన్నే మారుస్తుంది కాబట్టి, జన్యువు పూర్తిగా పోకుండా బలహీనపడిన మొక్కలూ దొరుకుతాయి. అది పూర్తిగా పోతే మొక్కే బతకదనుకోండి, దాని పని గురించి ఈ బలహీన మ్యుటెంట్లే చెప్పాలి.

ఒక్కో మొక్కలో బోలెడు మార్పులుంటాయి, అసలుది ఏదని టెన్షన్ పడతారు. 2012లో వచ్చిన మట్‌మ్యాప్ పద్ధతి ఆ చిక్కు చాలావరకు తీర్చింది. మ్యుటెంట్‌ను దాని మాతృ రకంతోనే సంకరం చేసి, ఎఫ్2లో (సంకరం తర్వాత రెండో తరంలో) లక్షణం చూపిన మొక్కల డీఎన్‌ఏ కలిపి సీక్వెన్స్ చేస్తారు, అంటే అక్షరాలను వరసగా చదువుతారు. లక్షణం అంతర్గతమైతే (రిసెసివ్, అంటే జన్యువు రెండు ప్రతులూ మారితేనే బయటపడేదైతే), కారణమైన చోట అన్నీ మారిన అక్షరాలే కనిపిస్తాయి. సంబంధం లేని చోట్ల దాదాపు సగం సగం ఉంటాయి. అనుమానంగా ఉన్న మొక్కను మాత్రం దయచేసి ఆ గుంపులో కలపకండి. తప్పుగా గుర్తించిన నాలుగైదు మొక్కలు చాలు, ఫలితం మసకబారడానికి.

టీ-డీఎన్‌ఏ, టాస్17 లైన్లు (బయటి డీఎన్‌ఏ ముక్కో, వరిలోనే ఉండి చోటు మారే ముక్కో దూరి జన్యువు పాడైన మొక్కలు) మీకు కావలసిన జన్యువులో ఉంటే వాడుకోండి. గామా కిరణాలతో ఒక్కోసారి పక్కపక్క జన్యువులు కలిసి ఎగిరిపోతాయి, మొదటి ప్రయత్నానికి వద్దంటాను.

ఈఎంఎస్‌తో దొరికిన జన్యువును మాతృ రకంలో క్రిస్పర్‌తో దెబ్బతీసి చూడండి. అదే లక్షణం వస్తే సరే. మొక్కే చనిపోతే, పాడవని జన్యువును మ్యుటెంట్‌లోకి ఎక్కించి లక్షణం పోతుందేమో చూడాలి.