308 రైఫిల్‌కి ఏ బరువు బుల్లెట్? మూడు పెట్టెలు వాడి చూశాక చెబుతున్నా

ముందే చెప్పేస్తాను, ఇది టెక్సాస్ సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. ఇక్కడ లైసెన్సు తీసుకుని, హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పాసై, గరాజ్‌లో ప్రెస్ పెట్టుకుని సొంతంగా తూటాలు కట్టుకునే (ఇత్తడి గొట్టంలో తుపాకిమందు పోసి పైన బుల్లెట్ కూర్చోబెట్టే) తెలుగువాళ్లు కొందరు ఉన్నాం. వాళ్లలో కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఎన్ని గ్రెయిన్లు కొనాలి?"

గ్రెయిన్ అంటే గింజే. మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచినట్టు వీళ్లు ధాన్యం గింజతో తూచారు, ఆ లెక్కే నేటికీ నడుస్తోంది. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. అంటే 150 గ్రెయిన్ల బుల్లెట్ పది గ్రాములకు కాస్త తక్కువ, 180ది పదకొండున్నర గ్రాముల పైమాట. షాపులో 308 అరల ముందు నిలబడితే 110 నుంచి 200 దాటి కూడా కనిపిస్తాయి, కొత్తవాళ్లకి టెన్షన్ రావడం సహజం.

నేను మొదట 180 కొన్నాను, బరువెక్కువైతే దెబ్బ గట్టిగా ఉంటుందనుకుని. ఇక్కడి హిల్ కంట్రీ తెల్లతోక జింకలు చిన్నవి, పక్కటెముకలు పల్చన. బుల్లెట్ సరిగ్గా విచ్చుకోకుండానే అటువైపు దూసుకుపోయింది, జింక పొదల్లోకి పరిగెత్తింది, టార్చి పట్టుకుని రెండు గంటలు వెతికాను. దొరికింది కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఒక ప్రాణిని అంతసేపు బాధపెట్టే హక్కు మనకి లేదు. మరుసటి ఏడు అటు కొసకి వెళ్లి చవకలో దొరికిన మామూలు సీసం 150 కట్టాను. నలభై గజాల్లో భుజానికి తగిలింది, జింక అక్కడే పడిపోయింది, కానీ ముందుకాలి మాంసమంతా నుజ్జయి పారేయాల్సి వచ్చింది. మిగిలినది కీమా కొట్టిస్తే మా ఆవిడ కడుగుతూ బూడిదరంగు ముక్క ఒకటి తీసి చూపించింది. సీసం. పిల్లలు తినే కూర అది.

అప్పుడు అర్థమైంది, బరువు ఒక్కటే చూసి బుల్లెట్ కొనకూడదు, అది లోపల ఎలా కట్టి ఉందో చూశాకే బరువు మాట. తర్వాత మూడు రకాలు తెచ్చి రెండు సీజన్లు వాడాను.

సియెర్రా గేమ్‌కింగ్ 165. కాగితం టార్గెట్ మీద నా రైఫిల్‌కి ఇదే ముద్దొచ్చింది, వంద గజాల్లో ఐదు తూటాలు అంగుళంలోపే. ఎముక తగలకుండా ఊపిరితిత్తుల మీద కొట్టగలిగితే జింకకి చక్కగా సరిపోతుంది.

నోస్లర్ పార్టిషన్ 165. జాన్ నోస్లర్ 1946లో కెనడాలో మూస్‌ని కొడితే బుల్లెట్లు లోపలికి దిగలేదట, ఆ బాధతోనే దీన్ని తయారుచేశాడు. మధ్యలో రాగి గోడ, ముందొక సీసం గది, వెనకొక సీసం గది. ముందుభాగం విచ్చుకుంటుంది, వెనకభాగం గోడ వెనక భద్రంగా ఉండి లోతుకు తీసుకెళ్తుంది. ఇక్కడి అడవిపందుల్లో వంద కిలోలు దాటినవి ఉంటాయి, మగపందికి భుజం మీద మందపాటి గట్టి పొర ఉంటుంది. దాన్ని దాటి ఎముక విరిచి అవతల తేలింది. పెట్టెలో 50 మాత్రమే వస్తాయి, ధర చురుక్కుమంటుంది. అయినా పందులకి నేనిక వేరేది వెతకను.

బార్న్స్ టీటీఎస్‌ఎక్స్ 150. మొత్తం రాగి, సీసం లేదు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం తూటాలు వాడకూడదు కాబట్టి అక్కడివాళ్లకి ఇలాంటివే దిక్కు, నేను మాత్రం ఆ కీమా ముక్క చూశాక మారాను. రాగి బుల్లెట్‌లో బరువు తగ్గించుకుంటేనే మంచిది. ఇది ముక్కలుగా ఊడదు, అందుకే 150 ఉన్నా లోతు తగ్గదు, పైగా విచ్చుకోవడానికి దీనికి వేగం కావాలి, ఆ వేగం తేలిక బుల్లెట్‌కే వస్తుంది. ఫ్యాక్టరీ తూటాల్లో చూసినా 308లో 150కి సెకనుకు 2,820 అడుగులు, 180కి 2,620 దగ్గర. ఇంకోటి, రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడవవుతుంది, పొడవు పెరిగితే ట్విస్ట్ (బుల్లెట్‌ని తిప్పే బ్యారెల్ లోపలి గాడుల మెలిక) గట్టిగా, అంటే తక్కువ అంగుళాల్లోనే ఒక చుట్టు తిరిగేలా ఉండాలి. మీ బ్యారెల్ 12 అంగుళాలకు ఒక చుట్టు అయితే 180 రాగి జోలికి పోవద్దు. నాది 10, ఇబ్బంది లేదు. దీంతో మూడు జింకలు కొట్టాను, రెండు నిలబడ్డచోటే పడ్డాయి, ఒకటి ముప్పై అడుగులు నడిచింది. మాంసం శుభ్రంగా ఉంది.

కట్టేటప్పుడు ఒక్కటి మర్చిపోకండి: 150 అంటే అన్నీ ఒకటే అనుకుని సీసం బుల్లెట్ లెక్కతో రాగిదానికి తుపాకిమందు పోయొద్దు. రాగి గట్టిది, ప్రెషర్ వేరుగా పెరుగుతుంది. ఆ కంపెనీ ఆ బుల్లెట్‌కే ఇచ్చిన పట్టిక తీసుకుని కింది అంకె నుంచి మొదలుపెట్టండి. బార్న్స్‌ని బ్యారెల్ లోపలి గాడులకి ఆనించకుండా అంగుళంలో 50 వేలవంతుల దూరం వెనక కూర్చోబెడితే నాకు గ్రూపు (టార్గెట్ మీద తూటాలు పడ్డ గుంపు వెడల్పు) సగానికి తగ్గింది. బరువు మార్చిన ప్రతిసారీ మళ్లీ జీరో చేసుకోండి, అంటే గురి సరిచేసుకోండి, నా రైఫిల్‌లో 165 నుంచి 150కి మారితే వంద గజాల్లోనే రెండంగుళాలు పక్కకి పోయింది.

ఈ నవంబర్ సీజన్‌కి టీటీఎస్‌ఎక్స్ 150 నలభై కట్టి పెట్టాను. పార్టిషన్ పెట్టెలో ఇంకా 22 ఉన్నాయి, అవి పందులకి.