లిస్బన్ నుంచి సింత్రా డే టూర్ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

అసలు విషయం ముందే చెప్పేస్తాను. పోర్చుగల్ రాజధాని లిస్బన్ నుంచి, దగ్గర్లోని సింత్రా, కాబో ద రోకా, కష్కాయిష్ మూడూ ఒక్కరోజులో చూపిస్తామనే టూర్ ఆన్‌లైన్‌లో కొంటుంటే, అందులో "పెనా ప్యాలెస్ సందర్శన" అని ఉంది కదా అని ప్యాలెస్ లోపలికి తీసుకెళ్తారని అనుకోకండి. మేం అనుకున్నాం. మనిషికి 89 యూరోల చొప్పున ఇద్దరికి 178 కట్టి, ప్యాలెస్‌ని కింద నుంచి తలెత్తి చూసి వచ్చాం.

మేం ఉండేది జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర. పెళ్ళిరోజు శనివారం పడింది. శుక్రవారం పొద్దున్నే విమానం ఎక్కి, ఆదివారం రాత్రికి ఇంటికి చేరేలా లిస్బన్ ట్రిప్ పెట్టుకున్నాం. టికెట్లు, హోటల్, టూర్ అన్నీ బుక్ చేసింది నేనే, కాబట్టి జరిగినదాంట్లో నా తప్పూ ఉంది. "సింత్రాకి రైల్లో పోదాం, దగ్గరే కదా" అని మా ఆయన రెండుసార్లు అన్నారు. "పెళ్ళిరోజు కూడా రైళ్ళ వెంట పరుగెత్తాలా" అని కొట్టిపారేసింది నేనే.

శుక్రవారం బ్రహ్మాండంగా గడిచింది. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రోలో ఊళ్ళోకి వచ్చేశాం. మధ్యాహ్నం లిస్బన్‌లోనే ఉన్న బెలేం వెళ్ళి జెరోనిమోస్ మఠం చూశాం. వాస్కో డ గామా సమాధి అక్కడే ఉంది. 1498లో కోళికోడ్ తీరానికి వచ్చిన మనిషి ఇక్కడ రాతి పెట్టెలో చేతులు జోడించి పడుకుని ఉంటే, చిన్నప్పుడు సోషల్ పరీక్షకి ఆ సంవత్సరం బట్టీ పట్టిన రోజులు గుర్తొచ్చాయి. (సోమవారం ఈ మఠానికి సెలవు, చూసుకుని వెళ్ళండి.) హోటల్‌వాళ్ళు బిల్లు మీద మనిషికి రాత్రికి 4 యూరోల చొప్పున అదనంగా అడిగారు. అది మోసం కాదు. లిస్బన్ నగరపాలక సంస్థ వేసే పర్యాటక పన్ను. బుకింగ్ ధరలో చాలాసార్లు కలిసి ఉండదు, అంతే.

ఇక టూర్ సంగతి. మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో డిస్కౌంట్ లింక్ పెట్టారు. "చిన్న గ్రూపు, గరిష్ఠంగా 8 మంది, హోటల్ నుంచి పికప్, పెనా ప్యాలెస్ సందర్శన, కాబో ద రోకా, కష్కాయిష్" అని ఉంది. కింద వందల కొద్దీ ఐదు స్టార్ల రివ్యూలు. అవి ఆ టూర్‌వి కావని, ఆ సైట్ అమ్మే టూర్లన్నిటికీ కలిపి చూపించేవని తర్వాత తెలిసింది. ఆ సైట్ వాళ్ళు టూర్ నడిపేవాళ్ళు కూడా కాదు, మధ్యలో అమ్మిపెట్టేవాళ్ళు. "స్థానిక భాగస్వామి నిర్వహిస్తారు" అని సన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది. ఆ భాగస్వామి పేరు మాత్రం ఎక్కడా లేదు. నేను అక్కడే ఆగాల్సింది.

శుక్రవారం రాత్రి పదకొండు దాటాక మెసేజ్ వచ్చింది. హోటల్ పికప్ ఉండదట, ఉదయం 8 గంటలకి రెస్టౌరదోరెస్ కూడలికి రావాలట. సరే అని వెళ్ళాం. 8:50కి వచ్చింది బస్సు. ఎనిమిది మంది పట్టే వ్యాన్ కాదు, యాభై సీట్ల బస్సు. ఆ కూడలి పక్కనే రోసియో స్టేషన్ ఉంది. సింత్రా రైళ్ళు బయల్దేరేది అక్కడి నుంచే. టికెట్ 3 యూరోల లోపే, ప్రయాణం దాదాపు 40 నిమిషాలు. మేం ఫుట్‌పాత్ మీద నిలబడి ఎదురుచూసిన టైములో రైలెక్కినవాళ్ళు సింత్రాలో దిగి కాఫీ తాగుతూ ఉంటారు. మా ఆయన స్టేషన్ వైపు చూశారు, నా వైపు చూశారు, ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

వ్యాన్‌కి బదులు బస్సు రావడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, మా రోజంతా పాడైంది దానివల్లే. పెనా ప్యాలెస్ సింత్రాలో కొండ మీద ఉంటుంది. పైకి వెళ్ళే దారి మన ఘాట్ రోడ్డులా మెలికలు తిరుగుతూ ఇరుగ్గా ఉంటుంది. చిన్న వ్యాన్లు, ఊరి బస్సులు, టుక్‌టుక్‌లు ఎక్కుతాయి గానీ అంత పెద్ద బస్సు ఎక్కదు. దాంతో మమ్మల్ని పదింబావుకి స్టేషన్ దగ్గర దించేసి, "పైకి 434 నంబర్ బస్సు వెళ్తుంది, టికెట్ మీరే కొనుక్కోండి, ఒంటిగంటకల్లా ఇక్కడికి వచ్చేయండి" అన్నాడు గైడ్. టూర్ డబ్బు కట్టినవాళ్ళం మళ్ళీ సిటీ బస్సు టికెట్ కొనుక్కోవడం ఏమిటని ఒక పంజాబీ పెద్దాయన గొడవపడ్డారు. గైడ్ భుజాలెగరేశాడు.

434 క్యూలో ముప్పావుగంట. టుక్‌టుక్ అంటే మన ఆటోనే, కానీ బేరం మన ఆటోవాళ్ళ దగ్గరలా కుదరదు. పైకి చేరేసరికి పదకొండున్నర. గేటు దగ్గర గైడ్ చేతిలో పెట్టిన టికెట్ చూస్తే దాని మీద పార్క్ అని ఉంది.

ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. పెనాలో రెండు రకాల టికెట్లు ఉంటాయి. ఒకటి చుట్టూ ఉన్న అడవిలాంటి పార్కుకి మాత్రమే. రెండోది ప్యాలెస్ లోపలి గదులకి. ఈ రెండోదాని మీద తేదీతో పాటు గంట కూడా ఉంటుంది, ఆ టైముకి లేకపోతే లోపలికి పంపరు. పైగా ఆ టైము ప్యాలెస్ తలుపు దగ్గరిది, కింద గేటు దగ్గరిది కాదు. గేటు నుంచి తలుపు దాకా ఎత్తెక్కాలి, అరగంట వేసుకోవాలి. పార్కులో తిరిగే చిన్న బస్సుకి మళ్ళీ వేరే టికెట్. ప్యాలెస్ టికెట్ మేమే కొనుక్కుందామని చూస్తే దొరికే మొదటి స్లాట్ మూడున్నరకి. ఒంటిగంటకి కింద బస్సు దగ్గర ఉండాలి.

"ప్యాలెస్ సందర్శన అని రాశారుగా" అని గైడ్‌ని నిలదీశాను. "సందర్శనే కదా, లోపల అని రాయలేదు" అన్నాడు నవ్వుతూ. ఇలాంటి టూర్లలో ఇంకో మాట "ఫొటో స్టాప్", ఇంకోటి "పనోరమిక్ వ్యూ". రెండిటికీ అర్థం ఒక్కటే. బస్సు ఆగుతుంది, మీరు దిగి బయట నుంచి చూసి ఎక్కాలి. "ప్రవేశ టికెట్ కలిపి" అని, ఏ కట్టడానికో పేరుతో సహా రాసి ఉంటే తప్ప లోపలికి తీసుకెళ్తున్నట్టు కాదు. సింత్రాలోనే ఉన్న కింటా ద రెగలేరా అనే ఎస్టేట్‌లో మెలికల మెట్లతో లోతైన బావి ఉంది, రీల్స్‌లో చూసే ఉంటారు. దానిదీ వేరే టికెట్టే. మా పేజీలో ఆ బావి ఫొటో కూడా పెట్టారు, ప్రోగ్రాంలో మాత్రం అది లేదు. నేను ఫొటోలు చూశాను, ప్రోగ్రాం చదవలేదు.

తర్వాత భోజనం. కష్కాయిష్ వెళ్ళే దారిలో ఒక రెస్టారెంట్ దగ్గర బస్సు ఆపారు. చుట్టుపక్కల ఇంకోటి లేదు. కూర్చోగానే అడగకుండానే రొట్టె, ఆలివ్‌లు, వెన్న, చీజ్ తెచ్చి పెట్టారు. మన హోటల్లో ఉల్లిపాయ, నిమ్మకాయ ముక్క పెట్టినట్టే అనుకుని తిన్నాం. బిల్లులో 14 యూరోలు వాటికే. దీన్ని అక్కడ కువేర్ అంటారు. అడగకుండా తెచ్చినది మీరు ముట్టుకోకపోతే డబ్బు తీసుకోకూడదని పోర్చుగల్ చట్టమే ఉంది. పక్క టేబుల్ మీద పోర్చుగీసు దంపతులు అదే పళ్ళేన్ని చేత్తో అలా పక్కకి జరిపారు, వెయిటర్ మారుమాట లేకుండా తీసుకెళ్ళాడు. శనివారం నేను మాంసం తినను. కాల్దు వేర్ద్ అనే ఆకుపచ్చ సూప్ శాకాహారమేనా అని అడిగితే "ఆకులే" అన్నారు. తిరగేస్తే అడుగున సాసేజ్ ముక్క తేలింది. అది ఆ సూప్‌లో మామూలేనట, కాబట్టి దాన్ని మోసమనను. శాకాహారులు మాత్రం "షోరీసు (ఆ సాసేజ్) లేకుండా" అని విడిగా చెప్పండి.

కాబో ద రోకా ఐరోపా ప్రధాన భూభాగానికి పశ్చిమపు చివర. దాదాపు 140 మీటర్ల ఎత్తు కొండ అంచు, కింద అట్లాంటిక్ మహాసముద్రం. మనిషిని తోసేసే గాలి. ఆ రోజులో నిజంగా బాగున్నది ఇదొక్కటే. మాకు ఇచ్చింది 15 నిమిషాలు, అందులో ఎనిమిది టాయిలెట్ క్యూకి పోయాయి. గైడ్ బస్సు దిగలేదు, కంచె దాటొద్దని కూడా చెప్పలేదు. 2014లో ఇక్కడే పోలండ్ దంపతులు ఫొటో కోసం కంచె దాటి, పిల్లల కళ్ళముందే పడి చనిపోయారు. మా బస్సులోని కుర్రాళ్ళు అటువైపే వెళ్తుంటే మా ఆయన గట్టిగా అరిచి వెనక్కి పిలిచారు.

కష్కాయిష్‌లో అరగంట. బీచ్‌లో కాళ్ళు తడుపుకుని, నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చూసి బస్సెక్కాం. ఇక్కడి నుంచీ లిస్బన్‌లోని కైస్ దు సోద్రే స్టేషన్‌కి సముద్రం పక్కనే రైలు ఉంది, అదీ దాదాపు 40 నిమిషాలే. ఇదంతా తర్వాత తెలుసుకుని ఏం లాభం.

ఇంటికొచ్చాక డబ్బు కోసం మొదలుపెట్టాను. సైట్‌వాళ్ళు "టూర్ నడిపింది మేం కాదు" అంటారు. నడిపినవాళ్ళని వెతికి పట్టుకుంటే "మీరు మా దగ్గర కొనలేదు" అంటారు. యూరప్‌లో ఆన్‌లైన్‌లో కొన్నదానికి 14 రోజుల్లో వెనక్కిచ్చే హక్కు ఉంది కదా అని ఘాటుగా మెయిల్ రాశాను. నా పరువే పోయింది. ఫలానా తేదీకి బుక్ చేసుకున్న విహార సేవలకి ఆ హక్కు వర్తించదు. ప్యాకేజ్ టూర్ చట్టం కూడా రాత్రి బస లేని, 24 గంటల లోపు టూర్లకి ఉండదు. అంటే విమానం, హోటల్ కలిపి ఒకే ప్యాకేజీగా కొన్నవాళ్ళకి ఉన్న రక్షణ డే టూర్ కొన్నవాళ్ళకి లేదు. ఈ తేడా నాకు అప్పటిదాకా తెలీదు.

పనికొచ్చింది కార్డు. బ్యాంకులో చార్జ్‌బ్యాక్ పెట్టాను, అంటే కార్డుతో కట్టిన డబ్బు అమ్మినవాళ్ళ నుంచి వెనక్కి ఇప్పించమని అడిగాను. రుజువు అడిగారు. సైట్ తెరిచి చూస్తే గుండె జారింది. "ప్యాలెస్ సందర్శన" కాస్తా "పార్క్ సందర్శన" అయిపోయింది, "8 మంది" అన్న మాట మాయమైంది. మా దగ్గర ఒక్క స్క్రీన్‌షాట్ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. బుక్ చేసిన రోజు రాత్రి "చూడవే, ఎక్కడికెళ్తున్నామో" అని గొప్పగా విశాఖలో ఉన్న మా చెల్లికి పాత పేజీ ఫొటో తీసి పంపాను. అది వాట్సాప్‌లో అలాగే ఉంది. దాన్ని పెడితే ఆరు వారాలకి 89 యూరోలు వెనక్కి వచ్చాయి. సగం. మీరు మాత్రం చెల్లెళ్ళ మీద ఆధారపడకుండా, డబ్బు కట్టేముందే పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇంకొకటి, పోర్చుగల్‌లో హోటలైనా, టూర్ కంపెనీ అయినా లివ్రు ద రెక్లమసోయ్ష్ అనే ఫిర్యాదుల పుస్తకం ఉంచాలి, అడిగితే ఇచ్చి తీరాలి. ఆన్‌లైన్‌లోనూ ఉంది, అందులో రాస్తే 15 పనిదినాల్లో జవాబివ్వాలి. అక్కడ ఉన్నప్పుడు నాకు తెలిసుంటే, గైడ్ నవ్విన ఆ నిమిషంలోనే అడిగేదాన్ని. అక్కడ టూర్లు నడిపేవాళ్ళకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉంటుంది. పేజీలో ఆ నంబర్ లేకపోతే కొనకండి. యూరప్‌లో ఉండేవాళ్ళకి, అమ్మినవాళ్ళు ఇంకో ఈయూ దేశంలో ఉంటే, యూరోపియన్ కన్జ్యూమర్ సెంటర్ ఉచితంగా సాయం చేస్తుంది. మిగిలిన 89 కోసం అక్కడ రాశాను, ఇంకా జవాబు రాలేదు.

కంపెనీ పేరు చెప్పమని గ్రూపులో చాలామంది అడిగారు. ఆ ఫిర్యాదు తేలేదాకా పెట్టను. పేరు తెలిసినా పెద్దగా లాభం లేదు, ఇదే టూర్ వేరే వేరే సైట్లలో వేరే వేరే పేర్లతో కనిపించింది. ఇవాళ పొద్దున మళ్ళీ చూశాను. 79 యూరోలకి తగ్గించారు. పైన ఫొటో మాత్రం మారలేదు, పసుపు, ఎరుపు గోడల పెనా ప్యాలెస్, పక్కనే ఆ బావి.