కొట్టంలో పాడి, పచ్చికలో పాడి

ఏడాది పొడవునా కొట్టంలోనే ఉంచి పెంచే ఆవు పచ్చికలో మేసే ఆవు కంటే సాధారణంగా ఎక్కువ పాలిస్తుంది. దాణాను లెక్క ప్రకారం అందించవచ్చు, ఎండావానల నుంచి కాపాడవచ్చు. అయితే ఆ దిగుబడి భారమంతా ఆవు శరీరం మీదే పడుతుంది. రోజుకు 10 నుంచి 12 గంటలు పడుకోవలసిన జంతువును గట్టి కాంక్రీటు నేల మీద నిలిపి ఉంచితే గిట్టలు దెబ్బతింటాయి. మేతకు బయటికి వెళ్లని ఆవుల్లో కుంటితనం, పొదుగువాపు ముప్పు పెరుగుతుందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లోనే చెప్పింది. 20 ఏళ్ల వరకు బతకగల ఆవును ఐదారేళ్లకే మంద నుంచి తొలగించడం ఈ పద్ధతిలో మామూలైపోయింది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేది ఇదే.

బయట మేసే ఆవు పేడ చాలావరకు మేసిన చోటే నేలలో కలుస్తుంది. కొట్టపు పాడిలో మేత ఎక్కడో సోయాగానో మొక్కజొన్నగానో పండుతుంది, పేడ మరెక్కడో పేరుకుపోతుంది. గుంటల్లో ద్రవంగా నిల్వ చేసిన పేడ గాలి సోకక మీథేన్‌ను వెలువరిస్తుంది, పొలాలకు అవసరమైన దానికంటే ఎక్కువగా చల్లితే నైట్రేట్లు భూగర్భజలంలోకి దిగుతాయి. పచ్చికలోనూ మందను మితిమీరి మేపితే నేల కోతకు గురవుతుంది. కానీ పశువుల సంఖ్య తగ్గించి, బీళ్లను మార్చి మార్చి మేపితే ఆ నష్టాన్ని అరికట్టవచ్చు. కొట్టంలో ఎంత మెత్తని పడక వేసినా ఆవుకు స్వేచ్ఛగా తిరిగి మేసే అవకాశం దొరకదు.