ఒంగోలు ఎండల్లో బ్రష్ పెన్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

నేను ఒంగోల్లో ఉండి బొమ్మల కథలు గీసుకుని బతుకుతాను. నెల జీతం లేదు, వచ్చిన పని వచ్చినట్టు చేసుకోవడమే. బడిపిల్లలకు పంచే ఆరోగ్యం బుక్‌లెట్లు, పిల్లల పత్రికలకు రెండేసి పేజీల కామిక్స్, యూట్యూబ్ వాళ్లకు స్టోరీబోర్డులు (వీడియో తీయకముందే సీను సీనుకూ వేసుకునే బొమ్మలు), ముహూర్తాలు బాగా ఉన్న నెలల్లో పెళ్లి కారికేచర్లు. ఎన్నికలొస్తే ఫ్లెక్సీలకు కార్టూన్లు గీయమని కూడా అడుగుతారు. ఆ డబ్బులు వసూలు చేసుకోవడం గీయడం కంటే పెద్ద పని, అందుకే అటు పోను. ఈ దారిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది నా చేతిలో ఉండే బ్రష్ పెన్ గురించి. వెయ్యి పైచిలుకు పెట్టి కొనొచ్చా అని. కొనొచ్చు. కానీ దాంతోనే డబ్బులొచ్చే పని చేసేద్దామని మాత్రం కొనకండి.

బ్రష్ పెన్ పేరుతో అమ్మేవి రెండు రకాలు. ఒకటి మామూలు స్కెచ్ పెన్నుకు అన్న, మొన మెత్తగా కోసుగా ఉంటుంది. కాస్త గరుకు కాగితం తగిలితే చాలు, నాలుగు పేజీలకే అరిగి మొద్దుబారుతుంది. రెండోది నిజం కుంచె. నైలాన్ వెంట్రుకలు కోసుగా కట్టి ఉంటాయి, వెనక ఫౌంటెన్ పెన్నుకున్నట్టు ఇంకు గొట్టం బిగించుకోవాలి. నాది ఈ రకం, జపాన్‌లో తయారైంది. ఊరికే ఆనిస్తే వెంట్రుక మందం గీత, అదిమితే చిటికెనవేలి గోరంత వెడల్పు, రెండూ చెయ్యెత్తకుండా ఒకే లాగులో వస్తాయి. కొనేటప్పుడు ఇంకు సంగతి కూడా చూసుకోండి. పిగ్మెంట్ ఇంకు ఆరాక నీళ్లు తగిలినా చెదరదు, పైన వాటర్ కలర్ హాయిగా వేసుకోవచ్చు. డై ఇంకు అయితే తడి తగలగానే గీతంతా మసినీళ్లవుతుంది. డబ్బా మీద ఏం రాసున్నా సరే, ఒక గీత గీసి రాత్రంతా వదిలేసి పొద్దున్నే తడి వేలితో రుద్ది చూడండి.

దీని సత్తా తెలిసేది గిత్తల దగ్గర. మా జిల్లాలో సంక్రాంతికీ తిరునాళ్లకూ ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు కదా, నేను అక్కడికి స్కెచ్ బుక్కు పట్టుకుని పోతాను. ఒంగోలు గిత్త తెల్లటిది. నల్ల ఇంకుతో తెల్ల జంతువును గీయడం పెద్ద తలనొప్పి. చుట్టూ గీత కట్టేస్తే కత్తిరించిన అట్టబొమ్మ అయిపోతుంది. అందుకని వీపు గీత అసలు గీయను. మూపురం కింద నీడ, గంగడోలు మడతలు, కంటి చుట్టూ ఉండే నలుపు, అంతే. వీపు ఎక్కడుందో చూసేవాళ్ల కన్నే పూర్తి చేసుకుంటుంది. ఆబోతులకు మెడ మీదా మూపురం మీదా బూడిద నలుపు తిరుగుతుంది. అక్కడ కుంచెలో ఇంకు తక్కువున్నప్పుడు దాన్ని పడుకోబెట్టి లాగితే, కాగితం గరుకు మీద సగం అంటీ సగం అంటక అచ్చం ఆ బూడిద రంగే పడుతుంది. గంగడోలు గడ్డం కింద మొదలై ముందుకాళ్ల మధ్యకు దిగుతుంది, మడతకొక లాగు. పెన్సిలైతే చెరుపుతూ కూర్చుంటాం, ఈలోపు గిత్త తల తిప్పేస్తుంది. ఇందులో చెరపడం అనే మాటే లేదు కాబట్టి, బాగా చూశాకే చెయ్యి కదిపే అలవాటు పడుతుంది. ఒకసారి ఎడ్లు తోలుకొచ్చిన పెద్దాయన ఒకరు నా భుజం మీదుగా చూసి, "మూపురం బానే ఉందిగానమ్మా, గంగడోలు ఇంకా దిగాల. ఇదేంది, మేక మెడ మాదిరుంది" అన్నాడు. అంత నిక్కచ్చి ఎడిటర్ నాకు పత్రికల్లో కూడా దొరకలేదు.

పొగాకు ఆరబెట్టే బ్యారన్ల ఎత్తు గోడలకూ, కొత్తపట్నం ఒడ్డున పడవలకూ కూడా ఇది బాగా పనికొస్తుంది. చీమకుర్తి నుంచి లారీల మీద వచ్చే గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు మాత్రం దీంతో గీయొద్దు. ఆ నలుపంతా నింపేసరికి ఇంకు గొట్టం ఖాళీ. దానికి మామూలు కుంచె, సీసా ఇంకు చాలు. ఆ రాయిలో మెరిసే చుక్కలకు పైన తెల్ల జెల్ పెన్ను పెట్టుకోండి.

ఇక డబ్బులొచ్చే పని. క్లయింటు అనేవాడు మార్పులు అడగకుండా ఉండడు. ఆరోగ్యం బుక్‌లెట్ ఒకటి గీస్తుంటే పేజీలన్నీ అయ్యాక "దోమ ఇంకాస్త పెద్దదిగా, భయంకరంగా ఉండాలి" అన్నారు, దోమ ప్రతి పేజీలోనూ ఉంది. ఇంకుతో కాగితం మీద గీసి ఉంటే నా పని అయిపోయేది. అందుకే క్లయింటు బొమ్మల ఫైనల్ గీతలు ట్యాబ్లెట్ మీదే గీస్తాను. సాఫ్ట్‌వేర్ క్రిటా, ఉచితం, దేనికదే లేయర్, అంటే విడి పొర, కాబట్టి దోమ ఒక్కటీ మార్చుకోవచ్చు. సగం అడ్వాన్సు, రఫ్ స్కెచ్ ఓకే అయ్యాకే ఫైనల్, ఆ తర్వాత రెండు విడతల మార్పులు, ఇది ముందే రాతపూర్వకంగా మాట్లాడుకుంటాను. పెద్ద బిల్లయితే సంస్థలు పది శాతం టీడీఎస్, అంటే ముందస్తు పన్ను కోత, పట్టుకుని ఇస్తాయి. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేస్తే, కట్టాల్సిన పన్ను అంతకన్నా తక్కువైనప్పుడు మిగిలింది తిరిగొస్తుంది. చాలామంది ఆర్టిస్టులు బద్ధకించి ఆ డబ్బు వదిలేస్తారు, నాకైతే ప్రాణం ఒప్పదు.

మరి బ్రష్ పెన్ ఎందుకంటే, ట్యాబ్లెట్ మీద వేగం దీనివల్లే వచ్చింది. అన్‌డూ బటన్ చేతికింద ఉంటే ఒకే ముక్కు గీతను పదిసార్లు వెనక్కి తీసి గీస్తాం, పదోది మొదటిదాని కంటే బాగుంటుందన్న గ్యారంటీ ఏమీ లేదు. రోజూ పొద్దున కాసేపు బస్టాండులోనో రైతుబజారులోనో బ్రష్ పెన్‌తో గీసి ఇంటికొచ్చి ట్యాబ్లెట్ ముందు కూర్చుంటే, గీత ఒకటో రెండో లాగుల్లో కుదిరిపోతుంది. పేజీకి ఇంత అని మాట్లాడుకునే బేరంలో ఆదా అయిన ప్రతి గంటా నా జేబులోదే కదా.

డబ్బులొచ్చే పనిలో కూడా ఒక్క చోట దీన్ని వదల్లేదు. చప్పుళ్లు. "ధడేల్" అని పేజీ అడ్డంగా పడాలంటే ఏ ఫాంటుకూ ఆ ఊపు రాదు. తలకట్టు ఒక్క విసురుతో కొట్టి, కింద గుండ్రాన్ని అదిమి లాగి, కాగితం మీదే నాలుగైదు రకాలు రాసుకుంటాను. బాగున్నదాన్ని 600 డీపీఐలో స్కాన్ చేసి పేజీలో పెడతాను. అడుగున లేత నీలం పెన్సిల్‌తో గీసుకుంటే రంగుల్లో స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లుగా విడదీసి బ్లూ ఛానెల్ ఒక్కటే ఉంచండి, నీలం మాయమై నలుపే మిగులుతుంది. బెలూన్లలో మాటలకు మాత్రం ఫాంటే. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వత్తులు విడిపోకుండా వస్తాయి, గూగుల్ ఫాంట్లలో లక్కిరెడ్డి అనే ఫాంటు చేతిరాతలా బాగుంటుంది. పై లైను వత్తులూ కింది లైను గుడులూ గుద్దుకోకుండా లైన్ల మధ్య ఖాళీ పెంచుకోండి. ముందు మాటలు పరిచాకే బెలూన్ గీయండి.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. రోహిణి కార్తెలో బండి డిక్కీలో పెడితే లోపలి గాలి వేడికి వ్యాకోచించి ఇంకును తోస్తుంది, మూత తీయగానే వేళ్లన్నీ నలుపు. సగం ఖాళీ అయిన గొట్టమైతే గాలి ఎక్కువ కాబట్టి మరీను. మొన పైకి ఉండేలా, సంచిలో నీడన పెట్టుకోవాలి. చెమట చేతికి తడి గీత అలుక్కుపోతుంది, అరచేతి కింద ఒక చిత్తు కాగితం తప్పదు. జిరాక్సు కాగితం మీద ఇంకు పాకుతుంది. స్టేషనరీ షాపుల్లో విడి షీట్లుగా దొరికే డ్రాయింగ్ కాగితం చాలు, ఖరీదైన స్కెచ్ బుక్కులు అక్కర్లేదు. ఎండాకాలం కరెంటు పోయి ట్యాబ్లెట్ చార్జింగ్ అయిపోయినప్పుడు మాత్రం ఈ పెన్ను మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది.

అసలు ఖర్చు పెన్నుది కాదు, ఇంకు గొట్టాలది. నాకు ఒంగోలు షాపుల్లో దొరకలేదు, ఆన్‌లైన్లో తెప్పించుకోవాల్సిందే. రోజూ గీసేవాళ్లకు అవి ఇట్టే అయిపోతాయి. ఖాళీ గొట్టంలో సిరంజితో ఇంకు నింపుకోవచ్చు, నేనూ అలాగే నెట్టుకొస్తున్నాను. అయితే ఫౌంటెన్ పెన్నులకు పనికొచ్చే ఇంకే పోయాలి. చౌకగా వస్తోంది కదా అని లక్క కలిసిన ఇండియన్ ఇంకు పోస్తే లోపల గడ్డకట్టి కుంచెకు ఇంకు అందదు, ఇక కడిగినా ప్రయోజనం ఉండదు. వారానికోసారి కూడా గీయనివాళ్లు, ప్రతి గీతా అందంగా రావాలని టెన్షన్ పడేవాళ్లు ఆ వెయ్యితో కాగితాలు కొనుక్కోవడం మేలు.

ఎంత జాగ్రత్తగా వాడినా ఏదో ఒకరోజు మొన రెండుగా చీలుతుంది. అప్పుడు కొత్తది కొనుక్కోండి గానీ పాతది పారేయకండి. చీలిన మొనతో ఒక్క లాగుకి నాలుగు వెంట్రుకలు పడతాయి కాబట్టి తాటాకు పాకలకూ, వరిగడ్డికీ, పెరిగిన గడ్డాలకూ అదే బాగుంటుంది. నా డబ్బాలో అలాంటివి రెండున్నాయి, గడ్డివాము గీయాల్సొస్తే కొత్తదాని జోలికే పోను.